యూజర్ గ్రూపులో మొదటిసారి మాట్లాడబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

విజయవాడలో నెలకొకసారి కలిసే మీ లైనక్స్ యూజర్ గ్రూపులో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవారి బృందంలో, వచ్చే నెల రెండో ఆదివారం నువ్వు మాట్లాడబోతున్నావని అక్కయ్య ఫోనులో చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నువ్వు పంపిన స్లైడ్లను రెండుసార్లు చూశాను. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కనుక చెబుతున్నాను. ఆ 64 స్లైడ్లలో తప్పంటూ ఒక్కటీ లేదు, కానీ నువ్వు చేసిన పని వాటిలో ఎక్కడా కనిపించలేదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించడం, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌ను విడుదల చేయడం, లైసెన్సుల రకాలు, డిస్ట్రిబ్యూషన్ల పట్టిక, ఇవన్నీ అక్కడికి వచ్చేవారిలో చాలామందికి తెలిసినవే. తెలియనివారికి వాటిని చెప్పే పుస్తకాలకూ వీడియోలకూ కొదవ లేదు.

ఆ గదిలో నువ్వు తప్ప మరొకరు చెప్పలేని విషయం ఒకటుంది. నిరుడంతా మీ గ్రంథాలయంలో నువ్వు చేసిన పని అది. ఎప్పుడో ఒక డీటీపీ ఆపరేటరు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసి ఇచ్చిన 11,000 పుస్తకాల జాబితాను, అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లోకి మార్చి, గ్రంథాలయాల సాఫ్ట్‌వేర్ అయిన కోహాలోకి ఎక్కించి, పాఠకుడు తెలుగులో పేరు కొడితే పుస్తకం దొరికేలా చేశావు. ఆ రోజుల్లో ఒకనాటి రాత్రి నాకు ఫోను చేసి, ‘వైద్యం’ అని వెతికితే ఒక్క పుస్తకమూ రావడం లేదని, జాబితా తెరిచి చూస్తే మాత్రం ‘వైద్యం’ అనే మాట కళ్లెదుటే కనిపిస్తోందని వాపోయావు. నీ ప్రసంగం ఆ రాత్రి దగ్గరే మొదలు కావాలి. చరిత్ర, తత్వం, లైసెన్సులు అన్నీ తీసివేసి, శీర్షికను ‘కనిపించే మాట వెతికితే ఎందుకు దొరకదు’ అని మార్చమని నా సలహా.

ఇంత ఇరుకైన విషయం ఎందుకని నువ్వు అడగవచ్చు. యూజర్ గ్రూపుకు ఎవరు వస్తారో ఒకసారి ఆలోచించు. టికెట్టు కొని వచ్చే పెద్ద సదస్సు కాదది, హాజరు వేసే తరగతీ కాదు. ఆదివారం మధ్యాహ్నపు నిద్ర మానుకుని, రెండు బస్సులు మారి వచ్చేవారు అక్కడ ఉంటారు. వారిలో ఇంజనీరింగు విద్యార్థులుంటారు, ఏదో ఆఫీసులో ఒంటి చేత్తో నాలుగు సర్వర్లు చూసుకునేవారుంటారు, ముద్రణాలయం నడిపేవారుంటారు, ఉద్యోగ విరమణ తరువాత నేర్చుకుందామని వచ్చే పెద్దలుంటారు. వీరందరినీ ఒకచోటికి తెచ్చేది ఒకటే ఆశ: సోమవారం తమ పనిలో కూర్చున్నప్పుడు ఆదివారం విన్నది అక్కరకు రావాలి. విశాలమైన పరిచయ ప్రసంగం విన్నవారు తలూపి వెళతారు. ఒక్క చిక్కుముడిని మొదటి నుంచి చివరి వరకు విప్పి చూపిన ప్రసంగం విన్నవారు మాత్రం ఇంటికి వెళ్లి తమ కంప్యూటరులో అదే చేసి చూస్తారు. నేను ఇన్నేళ్లుగా విన్న ప్రసంగాలలో గుర్తున్నవన్నీ ఆ రెండో రకానివే.

కనుక నీ కథను ఎలా నడిపితే బాగుంటుందో నాకు తోచిన తీరు చెబుతాను. మొదటి స్లైడు మీద ‘వైద్యం’ అనే మాటను రెండుసార్లు, ఒకదాని కింద ఒకటి, పెద్ద అక్షరాలతో పెట్టు. రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు కమాండులు టైపు చేసే టెర్మినల్ తెరిచి ఒక్కోదాన్ని, లెక్కపెట్టే డబ్ల్యుసి (wc) కమాండుకు ఇచ్చి బైట్లు లెక్కించమను. ఒకటి 18 అని, మరొకటి 21 అని వస్తుంది. ఇక్కడ మాటను అందించడానికి ఎకో కమాండు వాడవద్దు, అది చివర ఒక కొత్త లైను బైటును చేర్చి లెక్కను 19, 22గా చూపి వినేవారిని అనవసరంగా తికమక పెడుతుంది, ప్రింట్‌ఎఫ్ వాడు. ఆ రెండు అంకెలు తెర మీద కనిపించాక కాసేపు మాట్లాడకుండా ఆగు. ఎందుకలా వచ్చిందో ఆ గదిలోని ప్రతి ఒక్కరూ తమలో తాము ఆలోచించుకునే ఆ కొద్ది క్షణాలు నీ ప్రసంగంలో అన్నిటికంటే విలువైనవి.

తరువాత విప్పి చెప్పు. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల గది ఉందని, 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ గదిలోని ప్రతి సంకేతానికీ మూడు బైట్లు పడతాయని చెబితే, వ, ఐత్వం, ద, పొల్లు, య, సున్న కలిపి ఆరు సంకేతాలు, 18 బైట్లు అని వారే లెక్క వేసుకుంటారు. రెండో మాటలో ఐత్వం ఒకే సంకేతంగా లేదు, ఎత్వమూ దాని కింద వేసే ఐత్వపు గుర్తూ వేర్వేరు సంకేతాలుగా పక్కపక్కన ఉన్నాయి. ఫాంటు ఆ రెండిటినీ కలిపి ఒకటిగానే గీస్తుంది కనుక కంటికి తేడా తెలియదు, కానీ బైట్లను పోల్చే శోధనకు అవి రెండు వేర్వేరు మాటలు. ఈ చీలిక ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేటప్పుడు తొందరపడవద్దు. పాత ఫాంట్లలో అక్షరం అనేదే లేదు, అక్షరపు ముక్కలున్నాయి. ఆ ముక్కలు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో కూర్చుని, కంటికి కనిపించే వరుసలో దాచి ఉంటాయి. యూనికోడ్ పలికే వరుసలో దాస్తుంది. పైథాన్ భాషలో నువ్వు రాసిన మార్పిడి స్క్రిప్టు మొదటి రూపంలో ముక్కకు ముక్క మార్చింది కనుక, పైన గీసే ఎత్వం ఒక సంకేతమై, కింద గీసే గుర్తు మరొక సంకేతమై మిగిలిపోయింది. యూనికోడ్ ప్రమాణం ఈ రెండు రూపాలనూ సమానమైనవిగానే గుర్తిస్తుందని, ఎన్‌ఎఫ్‌సీ అనే సాధారణీకరణ ఆ రెంటినీ ఒకే రూపానికి తెస్తుందని, పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూలుతో అది ఒక్క వరుసలో జరిగే పని అని చూపించు. చూపించి, మళ్లీ డబ్ల్యుసి నడుపు. ఈసారి రెండు చోట్లా 18 రావడం వారు కళ్లారా చూస్తారు.

దీనికి దగ్గరగా ఉన్న మరో సంగతి కూడా నీ అనుభవంలో ఉంది, దాన్ని వదలవద్దు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలలో పొల్లు తరువాత కొందరు కంటికి కనిపించని విభజకాన్ని, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను కొడతారు, కొందరు కొట్టరు. దీన్ని ఎన్‌ఎఫ్‌సీ ఏమీ చేయదు. వెతికేటప్పుడు దాన్ని పట్టించుకోకుండా వదిలేసే ఏర్పాటు విడిగా చేసుకోవాలి. మొదటి మందు అన్ని రోగాలకూ పనిచేయదని ఇలా నువ్వే ముందుగా చెబితే, వినేవారికి నీ మీద నమ్మకం పెరుగుతుంది. కనిపించని ఆ సంకేతం ఎంత పని చేయగలదో చెప్పడానికి 2018 ఫిబ్రవరిలో జరిగిన సంఘటన ఒక్క వాక్యంలో చాలు: ‘జ్ఞా’ అనే అక్షరం మధ్యలో ఆ విభజకం చేరిన సందేశం వస్తే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి, ఆపిల్ దాన్ని సవరిస్తూ అదే నెలలో కొత్త వెర్షన్ విడుదల చేసింది. తెలుగు అక్షరాన్ని గీయడం, వెతకడం తేలికైన పనులు కావని, అది తెలియక చేసిన తప్పు మనది మాత్రమే కాదని వారికి అర్థమవుతుంది.

రెవ్ కమాండుతో ‘తెలుగు’ను తిరగేసే ఉదాహరణ కూడా నీ స్లైడ్లలో ఉంది. ‘గులుతె’ రావలసిన చోట మొదట ఒక ఉకారం ఒంటరిగా వేలాడి తరువాత ‘గులెత’ రావడం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ అది నీ ప్రశ్నకు జవాబు కాదు. తీసి పక్కన ఉంచు. ఎవరైనా అక్షరం అంటే ఏమిటని అడిగితే అప్పుడు చూపవచ్చు. ఇష్టమైన ఉదాహరణను తీసివేయడం కష్టమని నాకు తెలుసు, అయినా తీసివేయాలి.

కోహా గురించి రెండు నిమిషాలకు మించవద్దు. న్యూజిలాండ్‌లోని ఒక ప్రాంతీయ గ్రంథాలయ ట్రస్టు తన పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరాన్ని దాటలేదని తెలుసుకుని 1999లో దీన్ని రాయించుకుందని, 2000 జనవరికి వాడకంలోకి తెచ్చి అందరికీ ఉచితంగా వదిలిపెట్టిందని, ఆ పేరుకు మావోరీ భాషలో కానుక అని అర్థమని చెప్పు. ఓపెన్ సోర్స్ తత్వం మీద నువ్వు తయారుచేసిన పదిహేను స్లైడ్లు చెప్పదలచినది ఆ మూడు ముక్కలలో ఉంది. పుస్తకం వివరాలు దాచే మార్క్ రికార్డులో పుస్తకం పేరు 245 ఫీల్డులో, రచయిత పేరు 100 ఫీల్డులో వెళ్లాలన్నది గ్రంథాలయాలవారికి తప్ప మిగిలినవారికి అక్కరలేదు. ఒక కాగితం మీద అచ్చు వేసి, అడిగినవారికి ఇవ్వు.

పాడైన పనులను దాచవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. నీ స్క్రిప్టు మొదటిసారి నడిపినప్పుడు ఎన్ని పేర్లు చెడిపోయాయో, వాటిని ఎలా పట్టుకున్నావో, చివరికి ఎన్నిటిని చేత్తో దిద్దవలసి వచ్చిందో నీ దగ్గర లెక్క ఉంది. ఆ లెక్కను స్లైడు మీద పెట్టు. అదే పని తమ ఊళ్లో మొదలుపెట్టబోయేవారికి నీ కోడ్ కంటే ఆ లెక్కే ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఎన్ని రోజులు పడుతుందో, ఎంతమంది కావాలో వారు అంచనా వేసుకోగలిగేది దానితోనే.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. 2003 డిసెంబరులో లైనక్స్ 2.6 కెర్నల్ వచ్చింది. మరుసటి వేసవిలో ఒక యూజర్ గ్రూపు సమావేశంలో నేను దాన్ని అందరి ముందు కంపైల్ చేసి, అంటే మూల కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాముగా మార్చి, చూపడానికి పూనుకున్నాను. ఇంట్లో రెండుసార్లు చేసి చూసుకున్నాను కానీ, ఎంతసేపు పడుతోందో గడియారం చూసుకోలేదు. అక్కడ 256 ఎంబీ మెమరీ ఉన్న కంప్యూటరు మీద గంట గడిచినా వరుసలు తెర మీద పరుగెడుతూనే ఉన్నాయి. మధ్యలో కరెంటు పోయి, వచ్చాక మళ్లీ మొదలుపెట్టాను. ప్రశ్నలకు కేటాయించిన సమయం కూడా నేనే వాడుకున్నాను. సమావేశం ముగిసి అందరూ మెట్లు దిగుతున్నప్పుడు, పల్లెటూరి నుంచి వచ్చిన ఒకాయన తన కంప్యూటరులోని మోడెం లైనక్స్‌లో పనిచేయడం లేదని, ఆ ఒక్క ప్రశ్న అడగడానికే వచ్చానని, ఆఖరి బస్సుకు వేళయిందని చెప్పి వెళ్లిపోయారు. సగం పనిని విండోస్ డ్రైవరుకు వదిలేసే విన్‌మోడెంలు ఆ రోజుల్లో ఎందరినో బాధించేవి. ఏ మోడల్ అయితే పనిచేస్తుందో, డ్రైవరు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. అయిదు నిమిషాలలో చెప్పగలిగిన జవాబు అది. ఆయన మళ్లీ రాలేదు. ఇరవై ఏళ్లు దాటినా ఆ సాయంత్రం నన్ను విడవలేదు.

అందుచేత నీకు ఇచ్చిన నలభై నిమిషాలలో ఇరవై అయిదు మాత్రమే నీవి అనుకో. మిగిలిన పదిహేను వచ్చినవారివి. ఏ కారణం చేతనైనా ఆలస్యమైతే నీ ఇరవై అయిదులోంచి తగ్గించుకో కానీ వారి పదిహేనును ముట్టుకోవద్దు. ఇది సాధ్యం కావాలంటే ఏ భాగం వదిలివేయవచ్చో ముందే నిర్ణయించుకుని ఉండాలి. నీ విషయంలో అది కోహా భాగం. ఇంట్లో గడియారం పెట్టుకుని, పెదవులతో కాక గొంతు విప్పి మూడుసార్లు చెప్పి చూసుకో. అందులో ఒకసారి అక్కయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకో. ఆమెకు కమాండులు తెలియకపోయినా, రెండు ‘వైద్యం’ల మధ్య తేడా ఎందుకు వచ్చిందో ఆమెకు అర్థమైతే ఆ గదిలో అందరికీ అర్థమైనట్టే.

టెర్మినల్ విషయంలో నీకు ఒక ప్రమాదం పొంచి ఉంది, దాన్ని ఇప్పుడే చూసుకో. చాలా టెర్మినళ్లు గళ్ల కాగితం వంటివి. ప్రతి సంకేతాన్నీ సమానమైన గడిలో ఇరికించడానికి ప్రయత్నిస్తాయి కనుక తెలుగు ఒత్తులు, గుణింతాలు ఒకదానిపై ఒకటి పడతాయి, లేదా విడిపోతాయి. నీ ప్రసంగమంతా రెండు మాటలు ఒకేలా కనిపించడం మీద ఆధారపడి ఉంది. టెర్మినల్‌లో అవి ఒకేలా కనిపించకపోతే నీ మొదటి మాటే వీగిపోతుంది. కనుక తెలుగు మాటలను టెక్స్ట్ ఎడిటరులో చూపించి, అంకెలను మాత్రం టెర్మినల్‌లో చూపించు. లొకేల్, అంటే కంప్యూటరులోని భాషా అమరిక, యూటీఎఫ్-8లో ఉందో లేదో చూసుకోవడం మరవద్దు. అది వేరుగా ఉంటే డబ్ల్యుసి సంకేతాల లెక్క తప్పుగా ఇస్తుంది.

కళాశాల ప్రొజెక్టర్లు పాతబడి వెలవెలబోతూ ఉంటాయి. నల్లని తెర మీద బూడిదరంగు అక్షరాలు నీ లాప్‌టాప్‌లో అందంగా ఉన్నా గోడ మీద కనిపించవు. తెల్లని తెర, నల్లని అక్షరాలు పెట్టుకో. అక్షరం పరిమాణం 24కు తగ్గకూడదు. తెలుగుకు వరుసల మధ్య ఖాళీ కూడా పెంచాలి, లేకపోతే కింది ఒత్తులు తరువాతి వరుస నెత్తిన కూర్చుంటాయి. కమాండుకు ముందు కనిపించే ప్రాంప్టును ఒక్క డాలరు గుర్తుకు కుదించుకుంటే తెర మీద సగం చోటు మిగులుతుంది. అరగంట ముందే వెళ్లి లాప్‌టాప్ తగిలించి, చివరి వరుసలో కూర్చుని స్వయంగా చదివి చూడు.

అక్కడి ఇంటర్నెట్టును నమ్ముకోవద్దు. కావలసిన ప్యాకేజీలన్నీ ఇంట్లోనే ఎక్కించుకో. స్క్రిప్ట్ కమాండుతో నీ టెర్మినల్ పని మొత్తాన్ని ముందు రోజే రికార్డు చేసుకుని ఉంచితే, ఏదైనా మొరాయించినప్పుడు స్క్రిప్ట్‌రీప్లేతో అదే వేగంలో చూపవచ్చు; స్లైడ్ల పీడీఎఫ్ ప్రతితో పాటు దాన్ని కూడా పెన్‌డ్రైవులో పెట్టుకో. ఇంకొక హెచ్చరిక: గ్రంథాలయపు అసలు డేటాబేసును అక్కడ తెరవవద్దు. అందులో సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు, ఎవరు ఏ పుస్తకం తీసుకువెళ్లారన్న వివరాలు ఉన్నాయి. మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలవి, పొరపాటున ఒక్క క్షణం కనిపించినా తప్పే. ఇరవై పుస్తకాల పేర్లతో విడిగా ఒక చిన్న ఫైలు తయారుచేసుకుని దానితోనే అన్నీ చూపించు.

ఏ భాషలో మాట్లాడాలని అడిగావు. తెలుగులో మాట్లాడు. మీ గ్రంథాలయంలో పక్క బల్ల దగ్గరి వారికి చెప్పినట్టే చెప్పు. ఫైలును ఫైలు అను, ఫాంటును ఫాంటు అను, కమాండును కమాండు అను. వాటికి ఎవరూ వాడని సంస్కృత పదాలు కల్పించి చెబితే, వినేవారు విషయం వదిలి ఆ పదం అర్థం కోసం వెతుక్కుంటారు. అలాగే ఇంగ్లీషులో చెబితేనే గౌరవమన్న భయమూ వద్దు. కమాండు టైపు చేసేటప్పుడు ప్రతి గుర్తునూ పైకి చదువు. ఒక కమాండు ఫలితాన్ని మరొకదానికి అందించే నిలువు గీత ఎక్కడ కొట్టావో వెనక ఉన్నవారికి కనిపించదు.

డీటీపీ ఆపరేటర్ల ప్రస్తావన వచ్చినప్పుడు మర్యాదగా మాట్లాడు. నీ స్లైడులో ‘పాత చెత్త ఫాంట్లు’ అన్న మాట చూశాను, దాన్ని కొట్టివేయి. యూనికోడ్ తెలుగు మన కంప్యూటర్లలో సరిగా కనిపించని కాలంలో పత్రికలు, పాఠ్యపుస్తకాలు, పెళ్లి శుభలేఖలు అన్నీ ఆ ఫాంట్లతోనే అచ్చయ్యాయి. ఆ పని చేసినవారిలో ఒకరో ఇద్దరో ఆ గదిలో నీ ముందే కూర్చుని ఉండవచ్చు, పైగా ఏ ముక్క ఏ కీలో ఉంటుందో నీకంటే వారికే బాగా తెలుసు. నీ మార్పిడి పట్టికలో మిగిలిపోయిన ఖాళీలను నింపగలిగేది వారే. ఆ ఖాళీలను ఒక స్లైడులో చూపించి, తెలిసినవారిని చెప్పమని అడుగు.

ప్రశ్నలు మొదలైనప్పుడు ప్రతి ప్రశ్ననూ నువ్వు ఒకసారి గట్టిగా తిరిగి చెప్పు, అప్పుడు వెనకవారికి వినిపిస్తుంది, నీకూ ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. తెలియనిదాన్ని తెలియదని చెప్పి, గదిలో ఎవరికైనా తెలుసేమో అడుగు. తన విద్వత్తు చెప్పుకోవడానికి లేచేవారు ఒకరు తప్పక ఉంటారు. వారితో వాదం పెట్టుకోకుండా సమావేశం తరువాత టీ దగ్గర మాట్లాడదామని చెప్పి తరువాతి చేతి వైపు తిరుగు. అందరికంటే చిన్న ప్రశ్న అడిగిన మనిషికి అందరికంటే నిదానంగా జవాబు చెప్పు. చేయి సగం ఎత్తి దించేసుకునేవారిని గమనిస్తూ ఉండు, వారిని నువ్వే పలకరించు.

నీ స్క్రిప్టును, మార్పిడి పట్టికను, ఎవరైనా వాడుకుని మార్చుకోనిచ్చే లైసెన్సులైన జీపీఎల్ కింద, స్లైడ్లను క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్‌ఏ కింద ఉంచి, ఆ సంగతి చివరి స్లైడులో రాయి. లైసెన్సు రాయకపోతే తీసుకుని వాడవచ్చో లేదో ఎవరికీ తెలియదు. ఆ రాత్రే, నిద్రకు ముందే, అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకో. జవాబు చెప్పలేకపోయినవాటికి మరుసటి నెల సమావేశంలో అయిదు నిమిషాలు అడిగి తీసుకుని జవాబు చెప్పు.

నేను శనివారం రాత్రికే వస్తున్నాను. వీజీఏ, హెచ్‌డీఎంఐ అడాప్టర్లు రెండూ నా దగ్గర ఉన్నాయి, తెస్తాను. ఆదివారం చివరి వరుసలో కూర్చుంటాను. అక్షరాలు కనిపించకపోతే కుడిచేయి, మాట వినిపించకపోతే ఎడమచేయి ఎత్తుతాను. మార్చిన స్లైడ్లు పదిహేను రోజుల ముందుగా పంపితే, ఈసారి తీరిగ్గా చూసి పంపుతాను.

ఆశీస్సులతో,
నీ మామయ్య